బిళ్ళ విరిచిన క్యాసెట్

మొన్న సాయంత్రం మా అమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఆమె పాడిన కీర్తన అందరికీ వినిపించాలని, ఊళ్ళో మా తమ్ముడు పొద్దున్నే కొత్త టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఇది నాకు చదవడం రావట్లేదు, ఫార్మాట్ చేయనా అని తెర మీద అడిగిందట, వాడు చేయమని మీట నొక్కాడట. నేను వెళ్ళేసరికి లోపల ఏమీ లేదు. "ఫార్మాటంటే బాగుచేయడం అనుకున్నా అన్నయ్యా, అదే అడిగింది గదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అడిగితే అమ్మను తుడిచేస్తావంట్రా?" అని వీధి వీధంతా వినపడేలా అరిచాను.

నా తరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. వయసులో ఉండగా నేను టౌన్లో, బ్రాడీపేటలో పాటలు రికార్డు చేసిచ్చే కొట్లో పనిచేసేవాణ్ణి, ఖాళీ క్యాసెట్ పట్టుకుని ఎవరొచ్చినా ఇది లారీలో వేస్తారా, చర్చిలో వేస్తారా అని అడిగిన పాపాన పోలేదు, ఎందులో వేసినా మోగేది. ఒకసారి కొట్టు టేప్‌రికార్డరే ఇంటికి తెచ్చి, మిరపకాయ కోత నుంచి అప్పుడే వచ్చిన అమ్మ చేత తనకిష్టమైన కీర్తన పాడించాను. కాయల ఘాటు గొంతులో పట్టి రెండో చరణం సగంలో దగ్గి, మళ్ళీ అందుకుంది. ఆ దగ్గు తీసెయ్యరా అంటే నేను తీయలేదు. పైగా క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు రెండూ విరిచేశాను, అవి విరిస్తే దాని మీద మరొకటి రికార్డు కాదు. తర్వాత మా బావగారు దాని మీద సినిమా పాటలు ఎక్కించబోయి, మీట దిగక తన టేప్‌రికార్డరును నానా తిట్లూ తిట్టారు. అది మాత్రం మొండికేసింది.

కిందటేడు పాట పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కగానే, ఇంకా ఈ చెత్తెందుకని తమ్ముడు క్యాసెట్‌ను పాతసామాన్ల వాడికి వేసేశాడు. ఈ పెన్‌డ్రైవ్‌లేమో కంప్యూటర్లో పాడేది కారులో పాడదు, కారుకు సరిపెడితే టీవీ ముఖం తిప్పుకుంటుంది, ఒక్కోదానికి ఒక్కో పద్ధతిలో ఫార్మాట్ చేయాలట, చేసేముందు లోపలున్నది వేరేచోట దాచుకోవాలట. ఈ ముక్క అమ్మేవాడు చెప్పి చావడు.

అప్పటికప్పుడు బ్రాడీపేటలో ఒక కంప్యూటర్ కొట్టుకు పరుగెత్తాను. అతను చాలాసేపు కుస్తీ పట్టి, "టీవీ దీనిమీద ఏదేదో రాసేసిందండి, ఇంకో కాపీ ఉందేమో చూసుకోండి సార్" అన్నాడు. ఉంటే నీ దగ్గరికెందుకొస్తానయ్యా అని అతని మీదా ఎగిరాను. పాపం, అతనేం చేశాడని!

సాయంత్రం కూడికలో చేసేదేం లేక మేమే ఆ కీర్తన అందుకున్నాం. ఇంటిల్లిపాదీ ఆ క్యాసెట్ విని నేర్చుకున్నవాళ్ళమే కదా, రెండో చరణం సగంలో అందరం ఒక్కసారే ఆగిపోయాం. అక్కడ అమ్మ దగ్గాలి. తమ్ముడు తల వంచుకుని ఏడుస్తుంటే వాడి భుజం మీద చెయ్యి వేశాను గానీ, కోపం పోయిందని మాత్రం చెప్పలేను. ఆ రోజుల్లో బిళ్ళ విరిచేస్తే ఎవరొచ్చి నొక్కినా యంత్రం కుదరదనేది. ఇప్పటిది ఒక్కమాట అడిగి, ఔననగానే మనిషి గొంతు తుడిచి పక్కన పెడుతుంది. ఆగిన ఆ చోటి నుంచి పాటను మళ్ళీ ఎవరు ఎత్తుకోవాలో మాకు కాసేపు తెలియలేదు.