గురక పెట్టని మనిషి

తాతయ్య గురక పెడితే పక్కవాటా వాళ్ళు గరిటె పుచ్చుకుని గోడ బాదేవాళ్ళు. ఆ చప్పుడుకి తాతయ్య తప్ప ఇంటిల్లిపాదీ లేచేవాళ్ళు. అమ్మమ్మ మాత్రం ఏనాడూ విసుక్కోలేదు. గురక వినిపిస్తున్నంతసేపూ ఆవిడకి నిశ్చింత. అది ఠక్కున ఆగినప్పుడే గుండె జారేది. చీకట్లో వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టేది. పదిహేను, ఇరవై, ఇరవై అయిదు... అప్పుడు తాతయ్య నీళ్ళలో మునిగి తేలినవాడిలా ఒక్కసారి గుక్క తిప్పుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలెట్టేవాడు.

తాతయ్య అప్పట్లో సిటీ బస్సు డ్రైవరు. ఓ మిట్టమధ్యాహ్నం ఎర్రలైటు దగ్గర బస్సు ఆపి, పచ్చలైటు పడ్డా కదల్లేదు. వెనక హారన్లు హోరెత్తిపోతుంటే ఆయన స్టీరింగు మీద తల వాల్చి హాయిగా నిద్రపోతున్నాడు. డిపోవాళ్ళు ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి తోలారు. తాతయ్య నీళ్ళు నములుతుంటే అమ్మమ్మే ముందుకొచ్చి తన వేళ్ళ లెక్కంతా అప్పజెప్పింది. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని, దాన్ని స్లీప్ ఆప్నియా అంటారని డాక్టరమ్మ చెప్పింది. "మీరు కనిపెట్టుకుని ఉన్నారు కాబట్టి సరిపోయిందమ్మా" అంది. ముక్కుకి మాస్కు, మాస్కుకి గొట్టం, గొట్టానికి గాలి మిషను వచ్చాయి. అమ్మమ్మ దానికి తొండం అని పేరు పెట్టింది. తొండం తగిలించుకున్న నెలకల్లా తాతయ్య మొహం తేటపడింది, బస్సు మళ్ళీ చేతికొచ్చింది, పరీక్ష రాసే పిల్లాడిలా రూట్లన్నీ గడగడా అప్పజెప్పాడు.

అది జరిగి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో అమ్మమ్మ పక్కన వేళ్ళు మడిచినవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ గురక పెట్టదు కదా, ఎవరికి అనుమానం వస్తుంది!

అమ్మమ్మ ఓ దర్జీ షాపులో కటింగ్ మాస్టరు. షాపులో నాలుగు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, మధ్యలో మంచమంత కటింగ్ బల్ల. ఆ బల్ల ఆవిడ రాజ్యం. అందరూ మాస్టరమ్మ అనేవాళ్ళు, షాపాయనతో సహా. ఆవిడ కొలతలు రాసుకోదు. టేపు తీసి, ఛాతీ, నడుము, భుజం, చెయ్యి అంటూ పెదాలు కదుపుతుంది, అంతే. మనిషి నాలుగేళ్ళ తర్వాత గుమ్మంలో కనబడితే, "నడుము రెండంగుళాలు పెంచారే!" అని నలుగురిలో పరువు తీస్తుంది. కొలతల పుస్తకం పెడదామని షాపాయన బతిమాలితే, "పుస్తకానికి చెదలు పడతాయి, నాకు పట్టవు" అని కొట్టిపారేసేది. అంత పొగరు. ఆ పొగరే ఆవిడకి అందం.

యాభై దాటాక ఎక్కడో తేడా వచ్చింది. పొద్దున లేస్తూనే తలనొప్పి. ఎనిమిది గంటలు పడుకున్నా బండరాళ్ళు మోసినట్టు ఒళ్ళంతా అలసట. సగం రాత్రి మెలకువ వచ్చేది, ఎందుకొచ్చిందో తెలిసేది కాదు. చీటికీమాటికీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఒకరోజు సూది కింద పడిందని ఏడ్చింది. సందులో డాక్టరు నాడి చూసి, "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనమ్మా, దిగులు పెట్టుకోకండి" అని ఒక టానిక్కూ, నిద్రమాత్రలూ రాశాడు. తాతయ్య తొండం బాగోగులు మాత్రం ఇంట్లో అందరికీ పట్టాయి. దాని గొట్టం వారంవారం కడిగి ఆరేసేది కూడా అమ్మమ్మే.

కొలతలు జారిపోవడం మొదలైంది. కబుర్లాడుతూనే టేపు తీసి రెండోసారి కొలిచేది, ఎవరూ కనిపెట్టకుండా. తర్వాత బల్ల అంచుకింద సుద్దతో అంకెలు రాసుకోవడం నేర్చింది. అది ఎవరి అంకో సాయంత్రానికి గుర్తుండేది కాదు. మర్చిపోతున్నానని ఇంట్లో చెబితే షాపు మాన్పిస్తారు, షాపులో చెబితే బల్ల పోతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు.

అప్పుడొచ్చాయి పదహారు కోట్లు. ఊళ్ళో కొత్తగా తెరుస్తున్న హోటలు సిబ్బందికి, ముదురు నీలం గుడ్డ. కోటు చెయ్యికి ముందొక వంపు, వెనకొక వంపు, రెండూ ఒకటి కావు. ఎడమచెయ్యికి వేసిన కాగితం అచ్చుని కుడిచెయ్యికి తిరగేసి వేయాలి. కత్తెర పట్టిన మొదటివారంలో నేర్పే సంగతి. అమ్మమ్మ పొరలు పరిచింది, అచ్చు పెట్టింది, గీసింది, కోసింది. రెండోసారి అచ్చు తిరగేయడం మర్చిపోయింది.

మిషన్ మీద కూర్చునే ఆవిడ కోటు చేతులు అతకడానికి తీసుకుని ఆగిపోయింది. ఆవిడ నోరు చెడిపోయిన జిప్పులా ఎప్పుడూ మూతపడదు, అందుకే షాపులో జిప్పక్క అంటారు.

"మాస్టరమ్మా, ఇదేంటి? ఈ కోటుకి రెండూ ఎడమచేతులే!"

"సరిగ్గా చూడవే. కట్టలో కలిసిపోయుంటాయి."

"చూశాను. అన్నీ ఎడమవే. ఆ హోటల్లో నమస్కారం ఎలా పెడతారు?"

నాలుగు మిషన్ల మీదా నవ్వులు లేచాయి. అమ్మమ్మ కూడా నవ్వబోయింది. ముప్ఫైరెండు చేతులూ బల్లమీద పరిచి, ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. అప్పుడు ఆవిడ మొహం చూసినవాళ్ళకి నవ్వు ఆగిపోయింది.

షాపాయన గట్టిగా ఒక్కమాట అనలేదు. "మాస్టరమ్మగారూ, కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండండి, బల్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే, భోజనాల వేళ, అమ్మమ్మ కుర్చీలో కూర్చుని గోడకి తల ఆనించి కునికింది. జిప్పక్క డబ్బా మూత తీస్తూ ఇటు చూసింది. అమ్మమ్మ ఛాతీ కదలడం లేదు. గురక లేదు, చప్పుడు లేదు. కాసేపటికి వెక్కిలి వచ్చినట్టు చిన్న కుదుపు, ఒక నిట్టూర్పు, మళ్ళీ మామూలు. నిమిషం తిరక్కుండా మళ్ళీ అదే. జిప్పక్క అన్నం ముట్టుకోలేదు. అమ్మమ్మ కూతురికి ఫోను చేసి, "మీ అమ్మ ఊపిరి మర్చిపోతోందమ్మా" అంది.

కూతురు పరుగున వచ్చింది. తాతయ్య మాత్రం పెదవి విరిచాడు. "ఆవిడకా? చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా చెయ్యదే!"

"నీ చెవుల్లో ఆ మిషను రొద, నీకేం వినబడుతుంది నాన్నా?" అంది కూతురు.



ఆస్పత్రిలో ఒక రాత్రి తలకీ ఛాతీకీ వైర్లు అతికించి పరీక్ష చేశారు. మర్నాడు పాత డాక్టరమ్మే కాగితం చదివింది. గంటకి ముప్ఫయ్యొక్కసార్లు ఊపిరి ఆగుతోంది.

"నాకు యాభై కదా డాక్టరమ్మా? అంటే ఈవిడకి తక్కువే" అన్నాడు తాతయ్య ఆశగా.

"అంకె తక్కువే. దెబ్బ తక్కువని కాదు" అంది ఆవిడ. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడుకి ప్రాణవాయువు తగ్గుతుందని, అది ఉలిక్కిపడి లేస్తుందని, రాత్రికి వందలసార్లు అలా లేపితే జ్ఞాపకం దాచుకునే చోటూ, మనసుని అదుపులో పెట్టే చోటూ నలుగుతాయని చెప్పింది. మెదడులో ఒక మూలనుంచి ఇంకో మూలకి కబురు మోసే తీగలుంటాయట. ఇదే జబ్బున్న మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఆ తీగలు ఎక్కువ దెబ్బతిన్నట్టు కొన్ని పరీక్షల్లో కనబడిందట. ఎందుకో ఇంకా పూర్తిగా తెలియదట. "మగాడు గురకపెట్టి, పగలు తూగి దొరికిపోతాడు. ఆడది నిద్ర పట్టట్లేదంటుంది, ఏడుపొస్తోందంటుంది. దిగులని మందిస్తారు. మీకిచ్చిన నిద్రమాత్రలు ఊపిరిని ఇంకా మందగింపజేసి ఉండొచ్చు."

"పోయినవి తిరిగొస్తాయా?" అని అడిగింది అమ్మమ్మ.

"కొన్ని రావచ్చు. ఎన్నో నేను చెప్పలేను."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తాతయ్య అన్నాడు, "పక్కనే పడుకున్నానే, నాకు తెలీలేదే."

అమ్మమ్మ రోడ్డు వైపే చూస్తూ, "మీరు నిద్రపోవాలనే కదండీ ఆ మిషను పెట్టించాను" అంది.

ఇంట్లో రెండు తొండాలయ్యాయి. రెండు నెలలకి అమ్మమ్మ తలనొప్పి పోయింది. నాలుగు నెలలకి ఊరికే ఏడవడం మానేసింది. మళ్ళీ నలుగురిలో పరువు తీయడం కూడా మొదలెట్టింది, కాకపోతే అంకెలు లేకుండా. ఎనిమిదో నెలలో తలదువ్వుకుని, తాతయ్య వద్దంటున్నా షాపుకి వెళ్ళింది. బల్ల దగ్గర కొత్త మాస్టరున్నాడు. "ఒక్క కోటు కొయ్యనివ్వండి" అని అడిగింది. షాపాయన తన కోటు గుడ్డే తీసిచ్చాడు.

ఆయన కొలతలు ఇరవయ్యేళ్ళుగా ఆవిడ తలలో ఉన్నవే. షాపాయన ఎదురుగా నిలబడ్డాడు. అమ్మమ్మ పెదాలు కదిలాయి, ఏ అంకే రాలేదు. టేపు తీసి, కొత్తగా వచ్చినవాడిని కొలిచినట్టు కొలిచింది, కాగితం మీద రాసింది. ముందుభాగం కోసింది, వెనకభాగం కోసింది. ఆ కోత చూసి కొత్త మాస్టరు తల ఊపాడు. చేతికి వచ్చేసరికి అచ్చు పెట్టింది, గీసింది. అచ్చు తిరగేసింది. మళ్ళీ మామూలుగా పెట్టింది. ఇందాక తిరగేశానా, ఇప్పుడు తిరగేశానా? మళ్ళీ తిరగేసింది. మిషన్లన్నీ ఒక్కొక్కటిగా ఆగాయి. సుద్ద పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

చివరికి తల ఎత్తకుండానే, "జిప్పక్కా, ఇలా వచ్చి చూడవే. ఇది సరేనా?" అంది.

జిప్పక్క వచ్చి చూసింది. "సరే మాస్టరమ్మా. సరిగ్గానే పెట్టావు."

అమ్మమ్మ గీసింది, కోసింది. కోటు ముక్కలన్నీ మడిచి షాపాయన చేతిలో పెట్టింది. ఆయన, "బాగుంది, రేపట్నుంచి..." అని మొదలెట్టబోతే చేత్తో ఆపింది.

"అడిగి కోసేది మాస్టరు కాదండీ."

అమ్మమ్మ వెళ్ళి కిటికీ దగ్గర ఎత్తుపీట మీద, బొత్తాలు కుట్టేచోట కూర్చుంది. అక్కడున్న చొక్కాల్లోంచి ఒకటి తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, మూడో బొత్తాం పట్టుకు లాగింది. దారంతో సహా చేతికి ఊడొచ్చింది.

"ఎవరే ఇది కుట్టింది?" అంది. "సూది ఇలా ఇవ్వండి."