మా సారు వెళ్ళని దేశం

నా చిన్నప్పుడు, బంగారు గనుల ఊరైన మా ఊరిగాంలో భూమి అదిరితే ఎవరూ తమ కోసం భయపడేవాళ్ళు కాదు. కోలారు గోల్డ్‌ఫీల్డ్స్‌లో నేల వణికిందంటే ఎక్కడో లోతున, గనిలో, బండ పగిలిందని అర్థం. గనివాళ్ళకు కంపెనీ కట్టించిన లైన్లలో ఇళ్ళ గోడలు ఒక్క క్షణం అదిరి, గూట్లో గ్లాసులు గలగలమని ఊరుకునేవి. ఆ వెంటనే ఆడవాళ్ళు పొయ్యి మీద ఏముందో కూడా చూడకుండా వాకిట్లోకి వచ్చి, గనిలోకి దిగే షాఫ్టు వైపు తిరిగి నిలబడేవాళ్ళు. బళ్ళో ఉంటే మేమూ అంతే. లేచి నిలబడి, కిటికీలోంచి కనిపించే షాఫ్టు చక్రాన్ని చూస్తూ రామా రామా అనుకునేవాళ్ళం. కంపెనీ సైరన్‌ను మేము సంగు అనేవాళ్ళం. సంగు మోగకపోతే కిందివాళ్ళు క్షేమంగా ఉన్నట్టు. మోగితే బడి గేటు తీసేసేవాళ్ళు. ఎవరి నాయన కోసం వాళ్ళం పరుగెత్తేవాళ్ళం.

అలా నిలబడి దేవుణ్ణి తలుచుకోవడం మాకు నేర్పింది మా సారు. ఆయన పెద్దలు చిత్తూరు వైపు పల్లె నుంచి గనిపనికి వచ్చినవాళ్ళు. తండ్రి పోయాక తమ్ముళ్ళను సాకడానికి ఆయన కూడా చిన్న వయసులోనే గనిలోకి దిగి, బండకు బెజ్జాలు వేసే పని చేశారు. తమ్ముళ్ళు చేతికొచ్చాక చదువు మళ్ళీ మొదలుపెట్టి, టీచరు పరీక్ష పాసై, మా బడికి వచ్చారు. ఆరో తరగతికి ఇంగ్లీషూ భూగోళమూ చెప్పేవారు. శనివారం సాయంత్రం మా లైన్ల రామమందిరంలో పురాణం చదివి అర్థం చెప్పేవారు. దేవుడి మాట నాకు మొదట వినిపించింది ఆయన గొంతులోనే. చదువుతుంటే మధ్య మధ్య దగ్గు వచ్చేది. ఆ దగ్గు కూడా పురాణంలో భాగమేనేమో అన్నంతగా అలవాటైపోయింది మాకు.

ఆయనకు ఒకే కోరిక ఉండేది. ఇంకో దేశంలో పిల్లలు బళ్ళో ఎలా కూర్చుంటారో, ఏమి అడుగుతారో, టీచరు ఏమి చెబుతాడో ఒక్కసారి కళ్ళారా చూడాలని. భూగోళం పాఠం చెబుతూ ఒక్కోసారి మధ్యలో ఆగి, మమ్మల్నే అడిగేవారు: "ఇప్పుడు ఆడ గూడా ఒక సారు నిలబడి మన గురించి చెబుతా ఉంటాడంటారా?"

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడాది ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. మన దేశపు బడి టీచరు ఒకరు ఏడాదిపాటు పరదేశానికి వెళ్ళి అక్కడి బళ్ళో పాఠం చెప్పాలి. అక్కడి టీచరు ఇక్కడికి వచ్చి ఆయన తరగతి చూసుకోవాలి. ఖర్చంతా రెండు ప్రభుత్వాలదే. దానికి మా సారు ఎంపికయ్యారు. దేశం పేరు న్యూజీలాండ్. మా లైన్లలో ఆ పేరు విన్నవాళ్ళు లేరు. సారు గోళం తిప్పి అడుగున చూపిస్తే, వేలు పెట్టి తడిమి చూశాం. మనకు ఎండాకాలమైతే అక్కడ చలికాలమని చెబితే ఎవరూ నమ్మలేదు. అయినా మా లైన్ల టైలరు ఉన్ని కోటు కుట్టి ఇచ్చాడు. శనివారం పురాణం అయ్యాక మందిరంలోనే సారుకు పూలమాల వేశారు. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఆడ రాగిసంగటి దొరుకుతాదా నాయనా?"

"దొరకదు పెద్దమ్మా."

"ఇంగేం తింటావు?"

"వాళ్ళు తినేదే తింటాను."

"అయితే పోయినవాడు సగమే వస్తాడు చూడండప్పా!" అని ఆవిడ అందరికీ చెప్పింది. అందరూ నవ్వారు. సారు అందరికంటే ఎక్కువ నవ్వి, దగ్గి, కళ్ళు తుడుచుకున్నారు.

ప్రయాణానికి ముందు బెంగళూరులో డాక్టరు పరీక్ష చెయ్యాలి. అక్కడ ఛాతీకి ఎక్స్‌రే తీశారు. గనిలో పీల్చిన రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో అలాగే ఉండిపోయిందని, రానురాను ముదురుతుందని, పరదేశానికి పంపడం కుదరదని చెప్పారు. సారు సాయంత్రం రైలుకు తిరిగి వచ్చి, ఎవరింటికీ పోకుండా మందిరంలో కూర్చున్నారు. ఎవరూ దగ్గరికి వెళ్ళలేకపోయాం. మా అమ్మ మాత్రం వెళ్ళి, మజ్జిగ చెంబు పక్కన పెట్టి వచ్చింది.

వెళ్ళడం ఆగిపోయింది కానీ రావడం ఆగలేదు. ఆ దేశపు టీచరు అప్పటికే బయలుదేరింది. ఆమె ఏడాది ఇక్కడే ఉంటుందని, తరగతి ఆమెకు అప్పగించమని, సారు సెలవులో ఉండి వైద్యం చేయించుకోవాలని పైనుంచి చెప్పారు. ఊరిగాం స్టేషనుకు ఆమెను పిలుచుకురావడానికి వేరెవరూ ముందుకు రాలేదు. సారే వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఉన్ని కోటు వేసుకుని వెళ్ళారు. తన కోసం కుట్టిన కోటు ఒక్కసారైనా వేసుకోవాలనుకున్నారో, వచ్చే మనిషికి మర్యాదగా ఉండాలనుకున్నారో నాకు తెలియదు. చెమటతో తడిసిపోయి, ఆమె పెట్టె ఒకటి తనే పట్టుకుని, నవ్వుతూ వచ్చారు. అది చూసి మా అమ్మ తలుపు చాటుకు వెళ్ళి ఏడ్చింది.

మేము ఆమెను తెల్ల మిస్సు అనేవాళ్ళం. నడి వయసు మనిషి, మంచి మనిషి. కానీ ఆమె కూర్చున్నది మా సారు కుర్చీ. ఆ కుర్చీలో ఇంకొకరిని చూడటానికి మా మనసు ఒప్పలేదు. ఆమె ఏది అడిగినా తరగతంతా మౌనం. "నోట్లో గోళీ పెట్టుకోని మాట్లాడతాది, ఒక్క మాటా తెలీదు" అని మావాళ్ళు వెనకాల వెక్కిరించేవాళ్ళు. మాట తెలియకపోవడం సాకు మాత్రమే. కొన్నాళ్ళకు ఆమె గొంతు సన్నబడింది. పాఠం బోర్డుతో చెప్పుకుంటున్నట్టు ఉండేది.

ఈ సంగతి సారు చెవిన పడింది. మమ్మల్ని పిలిచి తిట్టలేదు. మర్నాడు గంట కొట్టాక గుమ్మం దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, "మే ఐ కమిన్ మిస్?" అన్నారు. ఆమె కంగారుపడి లేచి నిలబడింది. సారు నేరుగా వెళ్ళి చివరి బల్ల మీద, మోకాళ్ళు ఎత్తి మడుచుకుని, పిల్లల మధ్య కూర్చున్నారు. హాజరు పట్టీలో తన పేరు కూడా రాయమన్నారు. ఆమె పిలిస్తే "ప్రెజెంట్ మిస్" అని గట్టిగా అరిచారు. తరగతి ఘొల్లుమంది. ఆమె ప్రశ్న అడిగితే చెయ్యెత్తి, కావాలని తప్పు జవాబు చెప్పేవారు. గొర్రెలు ఎన్ని కాళ్ళతో నడుస్తాయో ఆయనకు తెలియకపోతే ఊరుకోలేక మేమే అరిచి దిద్దేవాళ్ళం. అలా మా నోళ్ళు విప్పించారు.

ఆ తరువాత రోజూ వచ్చేవారు. మొదట్లో మా కోసమే వచ్చారు. పోనుపోను తన కోసం కూడా వచ్చారనుకుంటాను. పాఠం అయ్యాక ఆమెను అడిగేవారు: మీ బడి కిటికీలోంచి ఏమి కనిపిస్తుంది? చలికాలంలో పిల్లలు చేతులు ఎక్కడ పెట్టుకుంటారు? ఆమె చెబుతుంటే నోరు కొద్దిగా తెరుచుకుని వినేవారు. అంత చదువుకున్న మనిషి ముఖం ఆ సమయంలో మాలో ఒకడి ముఖంలా ఉండేది.

ఒకరోజు పాఠం మధ్యలో నేల అదిరింది. ఎప్పటికంటే గట్టిగా అదిరింది. గోడ మీది పటం ఊడి పడింది. మేము అలవాటుగా లేచి కిటికీ వైపు తిరిగాం. ఆ రోజు మా నాయన పగటి షిఫ్టులో ఉన్నాడు. సగం మంది నాయనలు కిందే ఉన్నారు. తెల్ల మిస్సు మాత్రం పెద్దగా కేక పెట్టి, బల్లల కిందికి దూరమని చేతులతో చూపించసాగింది. ఆమె దేశంలో భూమి అదిరితే పైకప్పులు కూలతాయట. పిల్లల్ని బల్ల కిందికి పంపడం ఆమెకు అలవాటు. మేము కదల్లేదు. నాయన కింద నలిగిపోతున్నాడేమో అన్నప్పుడు బల్ల కింద దాక్కునేది ఎలా? ఆమె ఏడుస్తూ ఒక్కొక్కరి భుజం పట్టి కిందికి లాగుతోంది. ఒక అబ్బాయి ఆమె చెయ్యి విదిలించి కొట్టాడు.

అప్పుడు చివరి బల్ల దగ్గర చప్పుడైంది. సారు బల్ల కిందికి దిగుతున్నారు. పొడుగు మనిషి. ఒక చెయ్యి నేల మీద ఆనించి, మోకాళ్ళ మీద పాకుతూ, ఊపిరి అందక ఈల వేసినట్టు శబ్దం వస్తుంటే, తల వంచి దూరారు. అక్కడి నుంచి మమ్మల్ని పిలిచారు.

"దిగండప్పా. ఆయమ్మ భయపడేది మీ కోసమే."

"నాయన కింద ఉన్నాడు సార్," అన్నాను నేను.

"నాకు తెల్దా అమ్మణ్ణీ? నేనూ ఉండినవాణ్ణే. కంబంలో ఉన్న సామి బల్ల కింద ఉండడా? ఈడ్నించే పిలువు."

అందరం దిగాం. దుమ్ములో, ఒకరి మోకాలు ఒకరికి తగులుతుంటే, సారు చుట్టూ ముడుచుకుని కూర్చుని రామనామం చెప్పాం. సారు పెదవులు కదిలాయి కానీ గొంతు రాలేదు. తెల్ల మిస్సు కూడా మా పక్కకు పాకి వచ్చింది. సంగు మోగుతుందేమోనని చెవులు రిక్కించి ఎంతసేపు ఉన్నామో. మోగలేదు. లేచాక సారు దగ్గుతూ, ఆగుతూ, మేము ఎందుకు నిలబడతామో ఇంగ్లీషులో ఆమెకు చెప్పారు. ఆమె షాఫ్టు చక్రం వైపు చూసి, మావైపు చూసి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సాయంత్రం మా నాయన ఇంటికి వచ్చాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకుని వదల్లేదు.

సారు మళ్ళీ బడికి రాలేదు. ఆ బల్ల కింద దుమ్ము వల్లనే అయిందని నేను అనను. రోగం ముందు నుంచే ఉంది. కానీ ఆ రోజు తరువాత మంచం దిగలేదు. తెల్ల మిస్సు రోజూ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, మంచం పక్కన పీట మీద కూర్చుని, తన బడి గురించి చెప్పేది. గేటు తీసినప్పటి నుంచి మొదలుపెట్టి, వరండా, చెప్పులు విడిచే చోటు, మొదటి వరుసలో ఎవరు, రెండో వరుసలో ఎవరు అని నెమ్మదిగా చెబుతుంటే సారు కళ్ళు మూసుకుని వినేవారు. ఆమె ఎవరినైనా వదిలేస్తే, "కిటికీ పక్కన పాప ఈ పొద్దు రాలేదా?" అని అడిగేవారు. దేవుడు ఆయన్ను అలాగైనా ఆ దేశం తీసుకెళ్ళాడని మా లైన్లలో కొందరు అన్నారు. నేను అలా అనలేను. ఆయన విన్నారు. చూడలేదు.

ఒకరోజు మేము కొందరం చూడటానికి వెళ్ళాం. నేను ఉండబట్టలేక అడిగేశాను. శనివారం శనివారం ఆ సామి కథే చదివినారు కదా సార్, మిమ్మల్ని ఆ దేశానికి ఎందుకు పోనీలేదు? సారు భార్య నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. సారు వద్దన్నారు. పురాణంలోంచి ఏదో చెబుతారని, కర్మ అనో లీల అనో అంటారని ఎదురుచూశాను. ఆయన "నాకూ తెల్దు అమ్మణ్ణీ," అన్నారు. కాసేపు ఊపిరి తీసుకుని, "అడగతానే ఉండాను," అన్నారు. అలా అన్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. కానీ కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. ఆయన తుడుచుకోలేదు.

ధనుర్మాసంలో, తెల్లవారుజామున భజన లైన్ల వెంట తిరుగుతుండగా పోయారు. భజన గుంపు వాళ్ళ వాకిట్లో ఆగిపోయింది. మద్దెల కొట్టే ఆయన మద్దెల కింద పెట్టేశాడు. తెల్ల మిస్సు చెప్పులు లేకుండా వచ్చి ఆడవాళ్ళ మధ్య నిలబడింది.

ఆమె వెళ్ళిపోయే లోపల నేల ఇంకోసారి అదిరింది. ఆమె కేక పెట్టలేదు. కిటికీ వైపు తిరిగి, షాఫ్టుకు ఎదురుగా, చేతులు జోడించి నిలబడింది. మేము మాత్రం, ఎవరూ చెప్పకుండానే, ఆమె భయపడకూడదని బల్లల కిందికి దూరాం. ఆమె తిరిగి చూస్తే గదిలో ఒక్క తలా లేదు. చివరి బల్ల కింద చోటు వదిలి కూర్చున్నాం.

గనులు మూతపడి చాలా కాలమైంది. మా రామమందిరం ఉంది. శనివారం పురాణం ఇప్పుడు నేను చదువుతాను. రాముడి మీద నాకున్న నమ్మకం ఇంత వయసులోనూ ఇసుమంత తగ్గలేదు. కానీ కడుపుకోతతో వచ్చి, దేవుడు ఎందుకిలా చేశాడమ్మా అని అడిగేవాళ్ళకు నేను దేవుడి తరఫున జవాబు చెప్పను. మొన్న ఒక తల్లి వచ్చింది. పని కోసం రోజూ రైలులో బెంగళూరుకు వెళ్ళే కొడుకు, రైలు నుంచి జారి పడి, ఇక తిరిగి రాలేదు. పక్కనున్నవాళ్ళు ఏదో ఒకటి చెప్పమన్నట్టు నావైపు చూశారు. నేను పుస్తకం మూసి, పీట దిగి, నేల మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"నాకూ తెల్దు తల్లీ," అన్నాను. "రా, ఇద్దరం అడుగుదాం."