పుదీనాకు మీద అలిగిన సమ్మన్న

సమ్మన్న అలుగుతాడు. అలగని మనిషెవరు అంటారేమో. మిగతావాళ్లు కారణం దొరికితే అలుగుతారు, సమ్మన్న శుభకార్యం దొరికితే అలుగుతాడు. బాన్సువాడ చుట్టుపక్కల పెళ్లి పెట్టుకున్నవాళ్లు టెంటు మాట్లాడుకుని, వంటవాళ్లను మాట్లాడుకుని, ఆ తర్వాత సమ్మన్నను బతిమాలడానికి ఒక మనిషిని మాట్లాడుకోవాలి. ఆ మనిషి ఎప్పుడూ వెస్లీయే. సమ్మన్న వెస్లీకి సొంత మేనమామ.

వెస్లీ బాన్సువాడలో ఒక కొరియర్ ఆఫీసులో పని చేస్తాడు. పార్సిల్ పగిలిందని జనం వచ్చి తిడుతుంటే నవ్వుతూ నిలబడతాడు. "గింత ఓపిక ఏడ నేర్చుకున్నవ్ రా?" అని మేనేజరు అడిగితే "మా మామ దగ్గర సార్" అన్నాడు. ఆ మామ ఎవరో సాధువని మేనేజరు ఇప్పటికీ అనుకుంటున్నాడు.

సమ్మన్న అలకకు ఒక పద్ధతి ఉంది. ముందు తువ్వాల దులిపి భుజాన వేసుకుంటాడు. తర్వాత సంచీ తీసుకుంటాడు. "నేను పోత" అంటాడు. పోడు. పదిమందికీ కనబడే చోటు చూసుకుని, గోడవైపు మొహం పెట్టి కూర్చుంటాడు. అలక మీద ఉన్నంతసేపు అన్నం ముట్టడు. చాయ్ మాత్రం తాగుతాడు. చక్కెర తక్కువైతే ఆ సంగతి గోడకు చెప్తాడు.

కోటగిరిలో ఒక పెళ్లికి పోయినప్పుడు నీళ్ల దగ్గర మొదలుపెట్టాడు.

"నాకు ప్లాస్టిక్ గ్లాసుల నీళ్లిచ్చిండ్రు."

"మామా, అందరికి గదే ఇచ్చిండ్రు."

"అందరు, నేను ఒక్కటేనా?"

పక్కింటికి పరిగెత్తి స్టీలు గ్లాసు తెచ్చారు. చిన్నదన్నాడు. పెద్దది తెచ్చారు. సొట్ట ఉందన్నాడు. పెళ్లికొడుకు తరఫు పెద్దమనుషులంతా భోజనాల సంగతి మరిచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎంత చెప్పినా కదలని మనిషి, ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి "సరే, ఇగ తిందాం పాండ్రి" అని తనంతట తనే లేచాడు. అప్పుడే మటన్ డేగిసా పొయ్యి మీంచి దించుతున్నారు. మాంసం వాసనకు లేచాడని కోటగిరి అంతా నవ్వింది.

నస్రుల్లాబాద్‌లో బసవపున్నయ్య గృహప్రవేశం. బసవపున్నయ్య వాళ్లు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్నవాళ్లు, మాటకు ముందొక గారు, వెనకొక అండీ పెట్టకపోతే వాళ్లకు నిద్ర పట్టదు.

"నన్ను సమ్మన్నగారు అన్నడు. పరాయోన్ని చేసిండు" అని గోడవైపు తిరిగాడు సమ్మన్న.

"అయ్యో, మర్యాదకన్నానండీ!"

"సూసినవా అల్లుడా, మళ్ల అండీ అంటుండు."

పాపం బసవపున్నయ్య గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని, "ఒరేయ్ సమ్మన్నా, లేవరా" అన్నాడు.

"ఒరేయ్ అంటవా నన్ను?"

చివరికి బసవపున్నయ్య భార్య సుబ్బరత్నమ్మ వచ్చి, "పోనీ ఏమని పిలవమంటావో నువ్వే చెప్పు అన్నయ్యా" అంది. అన్నయ్య బాగుందన్నాడు. సరిగ్గా ఆ మాటకే పురోహితుడు పంక్చరైన మోటార్‌సైకిల్ తోసుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. ముహూర్తానికి మనిషి లేడన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తే లేదు.

ఇట్లాంటి మామను వెంటబెట్టుకుని వెస్లీ తన చెల్లెలు కృప పెళ్లికి హైదరాబాదు బయల్దేరాడు.

నిజానికి కృప భయం మామ గురించి కాదు, నాయిన గురించి. వాళ్ల నాయిన వెంకటేశం అలగడు. లేస్తాడు. లేస్తే మళ్లీ కూర్చోడు. అంతకుముందు బోధన్ సంబంధం అట్లాగే పోయింది. అబ్బాయివాళ్లు కుర్చీలు ఎండలో వేశారు. "నీడ లేదా?" అని వెంకటేశం ఒక్కసారి అడిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి అడగలేదు. అందరినీ ఆటోల్లో ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆ అబ్బాయి పోయినందుకు కృప ఏడవలేదు. ఈ అబ్బాయి వేరు. డానియేలూ తనూ ఒకే దవాఖానలో నర్సు పని నేర్చుకున్నారు.

"అన్నా, మామను నువ్వు సూసుకో, నాయినను దేవుడు సూసుకుంటడు" అంది బస్సులో మెల్లగా. "గీ సంబంధం గిట్ల పోయిందనుకో, నేనిగ జన్మల పెండ్లి మాటెత్త."

"ఏం గాదు తియ్యే. విడిదికి పెద్ద హోటల్ మాట్లాడిండ్రు. అంత ఏసీ."

డానియేలు తండ్రి యోబు పాతబస్తీలో పెళ్లికార్డులు అచ్చేసే ప్రెస్సులో పని చేస్తాడు. ఇల్లు చిన్నది. పిల్లనిచ్చేవాళ్లకు తక్కువ చేయకూడదని తన వీధి వెనకనే కొత్తగా కట్టిన హోటల్‌లో గదులు తీసుకున్నాడు. కార్డు మీద 'విడిది' అని హోటల్ పేరు బంగారు అక్షరాలతో తన చేత్తో తనే అచ్చేసుకున్నాడు.

హోటల్ భలేగా ఉంది. చార్మినార్‌కు నాలుగు సందుల అవతల, నిజాం కాలపు నవాబుల బంగళా, దేవిడీ అంటారే, దాని గోడలు రెండు అట్లాగే ఉంచి, మధ్యలో అద్దాల మేడ లేపారు. బయట పెచ్చులూడిన రాతి కమాను, పక్కన గాజులమ్మే బండి. కమాను దాటితే చల్లదనం, తెల్లదనం, మల్లెల వాసన. తలుపు దానంతటదే తెరుచుకుంది. వెస్లీ నాయనమ్మ ముత్తవ్వ తలుపు తీసిన మనిషి కోసం చుట్టూ చూసింది. ఎవరూ కనబడకపోయినా మర్యాద తప్పకూడదని "సల్లగుండు బిడ్డా" అని దీవించి లోపలికి నడిచింది.

బస్సు సందులోకి రాలేదు కాబట్టి జనం సామాన్లతో వెనక వస్తున్నారు. వెస్లీ, సమ్మన్న ముందే కౌంటర్ దగ్గరికి చేరారు. అక్కడ యోబు పెళ్లిబట్టల్లో చెమటలు కారుస్తున్నాడు.

"రూమ్స్ పన్నెండు తర్వాతనే సార్" అంటోంది కౌంటర్‌లోని అమ్మాయి. గుండీ దగ్గర లత అని పేరుంది. "రాత్రి గెస్టులు ఇంకా ఖాళీ చెయ్యలేదు."

"అమ్మా, ఇది విడిదమ్మా! విడిదికి పన్నెండేంది? పిల్ల స్నానం చెయ్యాలె, తయారు కావాలె. పదకొండున్నరకు చర్చిల పెండ్లి."

"బుక్ చేసినప్పుడు చెప్పినం సార్."

"చెప్పిండ్రు గని, విడిది అంటె పొద్దుగాలనే ఇస్తరనుకున్న గదమ్మా."

లత అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "ఒక్కొక్కటి క్లీన్ చేయించి ఇస్త సార్. కొంచెం ఓపిక పట్టుండ్రి."

ఓపిక అనే మాట వినగానే వెస్లీకి నాయిన గుర్తొచ్చాడు. అంతలో తలుపు తెరుచుకుని నాయినే వచ్చాడు. రెండు చేతుల్లో రెండు సంచులు. "రూములేవి?" అన్నాడు వెంకటేశం.

ఒక్కసారి అడిగేశాడు. ఇంక మిగిలింది లేవడమే. యోబు లత వైపు తిరిగాడు. వెనక నిలబడ్డ కృప అన్న వైపు చూసింది.

ఠక్కున కౌంటర్ మీద గ్లాసు పెట్టిన చప్పుడైంది. వచ్చినవాళ్లకు హోటల్‌వాళ్లిచ్చే నిమ్మకాయ షర్బత్ గ్లాసది. సమ్మన్న తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. సంచీ తీసుకున్నాడు.

"నేను పోత."

వెస్లీ చేతులు జోడించాడు. "మామా, ఇప్పుడొద్దు. నీకు దండం పెడుత, ఇప్పుడొద్దు."

"నా గ్లాసుల ఆకేసిండ్రు. నేనేమన్న మేకనా?"

"అది పుదీన మామా. అందరికి ఏసిండ్రు."

"అందరిది ఒక్కాకు. నాకు రెండేసిండ్రు."

ఒక కుర్చీ ఎత్తుకుపోయి లిఫ్టుకూ మెట్లకూ సరిగ్గా మధ్యలో వేసుకుని, గోడవైపు మొహం పెట్టి కూర్చున్నాడు. "పిల్ల మేనమామ కింద ఏడుస్తుంటె మీరు మీద ఏసీల పంటరా? నేను లేసేదాక ఎవ్వడు మీదికి పోవద్దు."

వెంకటేశం సంచులు కింద పడేశాడు. "సమ్మన్నా! నీ ఇల్లు బంగారం గాను, ఇయ్యాల గూడనా?"

"ఆకు బావా, ఆకు."

"రూముల సంగతి తర్వాత. ముందుగాల వీన్ని లేపుండ్రి" అన్నాడు వెంకటేశం. బాన్సువాడ నుంచి వచ్చిన యాభై మందీ లిఫ్టు చుట్టూ చేరారు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఆకు తీసేస్తామన్నారు, వాసన ఉంటుందన్నాడు. కొత్త గ్లాసు ఇచ్చారు, పాత అవమానం పోదన్నాడు. వెస్లీ తల్లి మహేశ్వరి ఒట్టు పెట్టింది. "అక్కా, నీ ఒట్టు నీ దగ్గర్నే ఉంచుకో" అన్నాడు. ఎవరో విదేశీ ఆవిడ ఇదేదో మన పెళ్లి తంతు అనుకుని ఫోటో తీసుకుంది. సమ్మన్న తువ్వాల సర్దుకుని ఫోటోకు కూర్చుని, మళ్లీ అలిగాడు.

వెస్లీ ఒక వింత గమనించాడు. పైకి పోయేవాళ్లను కదలనివ్వని మామ, కిందికి దిగేవాళ్లకు మాత్రం కుర్చీ జరిపి దారి ఇస్తున్నాడు. అంతటితో ఆగక వాళ్ల పెట్టెలు ఎత్తి లిఫ్టులోంచి బయట పెడుతున్నాడు. "రూమ్ ఖాలీ కియా? అచ్ఛా, జావో జావో" అని తోలుతున్నాడు. అలక మీదున్న మనిషికి ఈ కూలిపని ఎందుకో వెస్లీకి అర్థం కాలేదు.

చాయ్ పట్టుకుని పక్కన కూర్చున్నాడు. సమ్మన్న కప్పు అందుకుని గోడవైపు తిరిగి, "అల్లుడా" అన్నాడు మెల్లగా. "రూములెన్నయినయ్?"

"ఏంది?"

"మొకం బాధగ పెట్టు. మీ నాయిన సూస్తుండు. ఎన్నయినయ్?"

వెస్లీకి మొహం పెట్టాల్సిన అవసరం రాలేదు, దానంతటదే ఏదోలా అయింది. "ఒకటయిందంట."

"అయితె నేనింక లెవ్వ. పిల్లను సామాన్లు తెచ్చే మెట్ల కెల్లి మీదికి తోలు. గా కౌంటర్ పిల్లకు తెలుసు. నేను ఇక్కడ గట్టిగ ఏడుస్త, ఎవ్వడు అటు సూడడు."

"మామా, రూములు కాలేదని నాయినకు తెలిస్తె లేస్తడు."

"ఎట్ల లేస్తడు రా? నేను ముందుగాల్నే కూసున్న గద. ఒక పెండ్లిల అలిగేటోడు ఒక్కడే ఉండాలె. ఇద్దరలిగితె బతిలాడేటోడు ఎవడు?" చాయ్ చప్పరించాడు. "చక్కెర తక్కువైంది."

వెస్లీ మామ చెవి దగ్గరికి వంగాడు. "కోటగిరిల కూర ఉడికేదాక గూడనా మామా?"

"చాయ్ సల్లారుతది, పోయి పిల్లను సూడు" అన్నాడు సమ్మన్న. ఆ తర్వాత లోకమంతా వినేట్టు, "నాకు ఎవ్వరు లేరు!" అని అరిచాడు. అందరూ అటు పరిగెత్తారు. కృప, లత ఇటు నుంచి సామాన్ల మెట్లెక్కారు. వెస్లీ పోయి యోబు చెవిలో సంగతి వేశాడు.

అంతా సాఫీగా పోతుండగా కష్టం వేరే వైపు నుంచి వచ్చింది. వెంకటేశమే తగ్గాడు. జీవితంలో ఎవరికీ తలవంచని మనిషి బామ్మర్ది రెండు చేతులూ పట్టుకుని, "తప్పయింది సమ్మన్నా. నా బిడ్డ మొకం సూసి లే" అన్నాడు. ఇంత మాటకు లేవకపోతే అలక చరిత్రలోనే చోటు లేదు. వెస్లీ గాభరాగా కౌంటర్ వైపు చూశాడు. లత రెండు వేళ్లు చూపించింది. ఇంకా రెండు గదులు.

సమ్మన్న కూడా ఆ వేళ్లు చూశాడు. చేతులు లాక్కున్నాడు.

"బావా! నువ్వు నా చేతులు పట్టుకుంటవా? పెద్దోనివి నువ్వు. గింతమందిల నా ఇజ్జత్ తీస్తవా? బావతోని తప్పు ఒప్పించుకున్నోడని రేపు బాన్సువాడల నన్ను ఏమంటరు? ఆకు సంగతి మాఫ్ చేసిన. గీ సంగతి మాఫ్ చెయ్య!"

కొత్త అలక పాతదాని కంటే గట్టిగా మొదలైంది. వెంకటేశం చేతులు పట్టుకున్నందుకు క్షమాపణ చెప్పడానికి చేతులు పట్టుకోకుండా నానా తంటాలు పడ్డాడు.

కాసేపటికి లత తలూపింది. యోబు కౌంటర్ మీదున్న పాత గ్లాసు తీసుకుని ముందుకొచ్చాడు. అందులోని రెండు పుదీనాకులూ వేళ్లతో తీసి, నోట్లో వేసుకుని, అందరి ముందూ నమిలి మింగాడు. "మేకను నేనే, సమ్మన్న బావా. నువ్వు గాదు." అతని కళ్లల్లో నీళ్లు చూసి పుదీనా ఘాటు అనుకున్నారు.

సమ్మన్న కుర్చీ జరిపాడు. "మొగపిల్లోని తండ్రివి, నీ మాట తీసేస్తనా?"

వెంకటేశం గది తలుపు తీసి చూశాడు. ముడత లేని దుప్పట్లు, చల్లటి గాలి, కిటికీలో చార్మినార్ మినారు కొస. "మంచిగనే సూసుకుంటుండ్రు మనల్ని" అన్నాడు మెత్తగా. అప్పటికి పక్కగదిలో కృప పూలు పెట్టుకోవడం కూడా అయిపోయింది. పదకొండున్నరకు చర్చిలో డానియేలు పక్కన నిలబడింది.

సాయంత్రం బాన్సువాడ వాళ్లు తిరుగు బస్సెక్కారు. యోబు కిటికీ దగ్గరికి వచ్చి, వెంకటేశానికి అంతా చెప్పేస్తానన్నట్టు నోరు తెరిచాడు. సమ్మన్న వేలు చూపించాడు. "చెప్పినవనుకో, నిజంగ అలుగుత." యోబు నోరు మూసుకుని రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

బస్సు కదిలింది. సంగతి తెలిసిన కృప డానియేలు ఇంట్లో ఉంది. మిగతావాళ్లంతా సమ్మన్న మీద పడ్డారు.

"హైదరాబాద్ దాక వచ్చి ఇజ్జత్ తీసిండు."

"ఆకు మీద అలిగినోన్ని నేనైతె యాడ సూడలే."

వెంకటేశం వెనక్కి తిరిగి తన భార్యతో అన్నాడు. "మహేశ్వరీ, ఇదే ఆఖరు. ఇగ మీ తమ్మున్ని ఏ పెండ్లికి తీసుకపోయేది లేదు."

వెస్లీకి నాలుక దురద పుట్టింది. మామ మోచేయి పక్కటెముకల్లో గట్టిగా దిగింది. "అవు నాయినా, అస్సలే తీసుకపోవద్దు" అన్నాడు వెస్లీ.

బస్సంతా ఒక్క గొంతుతో ఒప్పుకుంది. వెనక సీట్లోంచి ముత్తవ్వ మాత్రం ఒక మాట అడిగింది.

"తీసుకపోకుంటె అలుగడా బిడ్డా?"

సమ్మన్న కిటికీవైపు మొహం తిప్పుకుని ఉన్నాడు. బయట చీకటి పడుతుండటంతో, అద్దంలో అతని నవ్వు వెస్లీకి చక్కగా కనబడింది.