రక్తంతో ఎర్ర సిరా చేస్తారని చెప్పినందుకు

ఈ ప్రయాణానికి కారణం నా నోరే. మా అక్క కూతురు సరిత సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు మీద పరిశోధన చేస్తోంది. చలికాలంలో భద్రాచలం అవతల ఒక కోయ గూడేనికి పరీక్షలకు వెళ్తూ, సామాను మొయ్యడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. ఈ రక్తమంతా ఏం చేస్తారని అక్కడెవరో అడిగితే, "బళ్ళె సార్లు తప్పులు కొట్టే ఎర్ర సిరా చేస్తరు" అన్నాను. అందరూ నవ్వారు. ముత్తమ్మ అనే ఆమె మాత్రం ఆరేళ్ళ కూతుర్ని చంకనేసుకుని అడవిలోకి వెళ్ళిపోయింది. కాళ్ళ నొప్పులతో మాటిమాటికీ మంచం పట్టి లేచే పిల్ల ఆ గూడెంలో అదొక్కతే.

"పరీక్ష ఎవరికి కావాల్నో వాళ్ళనే తరిమినవ్ మామా. ఇగ నువ్వే వచ్చి చెప్పు," అంది సరిత.

మార్చిలో మళ్ళీ బయలుదేరాం. వైరాలో తెల్లారి అయిదు గంటల బస్సెక్కితే కొత్తగూడెం మీదుగా తొమ్మిదిన్నరకు భద్రాచలం. టికెట్టు అరవై లోపే. పూరీలు తిని, డబ్బాలో ఐసు నింపుకుని, రానూపోనూ రెండొందల యాభైకి ఆటో మాట్లాడాం.

"రోడ్డు సగమే ఉంది సార్. కడమ సగం మీరు దిగి నెట్టాలె," అన్నాడు డ్రైవరు.

"గట్లయితే సగం కిరాయి నువ్వే మాకియ్యాలె," అన్నాను. చివరికి నెట్టిందీ నేనే, ఇచ్చిందీ నేనే.

పదకొండింటికి చేరేసరికి ముత్తమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. "వచ్చిండు సిరా మనిషి," అంది తలెత్తకుండానే.

"తప్పయింది చెల్లే. అది నవ్వులకు అన్న. పాప నొప్పి ఏందో చూసే పరీక్ష ఇది."

"అది నవ్వులకు, ఇది నిజం. నాకెట్ల ఎరుక? ముందు నీది తియ్యమను."

నాకు సూదంటే చచ్చేంత భయం. వేలు చాపి కళ్ళు మూసుకున్నాను. సరిత పొడవగానే "అమ్మా" అన్నాను. కళ్ళు తెరిస్తే పిల్ల లచ్చిమి నా వేలు పట్టుకుని ఊదుతోంది. తర్వాత తన వేలు తనే చాపింది.

మందునీళ్ళున్న చిన్న గొట్టంలో రక్తపు చుక్క కలిపి, వెనక గీతల అట్ట పెట్టి చూస్తారు. నా గొట్టంలోంచి గీతలు కనబడ్డాయి. లచ్చిమి గొట్టంలోంచి కనబడలేదు; అంటే జబ్బు ఉండొచ్చని. పెద్ద ల్యాబులో ఖాయం చేసుకోవాలని సరిత ఇంకొంచెం రక్తం తీసి ఐసులో పెట్టింది. నీళ్ళు బాగా తాగించమంది, జ్వరమొస్తే ఆగకుండా దవాఖానాకు తెమ్మంది.

ముత్తమ్మ సరితను వదిలి నా వైపు తిరిగింది. "నయమైతదా? నువ్వు చెప్పు. నవ్వులకు కాదు."

"అదే జబ్బయితే పూర్తిగ పోదు చెల్లే," అన్నాను. "కానీ నొప్పి తగ్గించుకోవచ్చు. ల్యాబు కాగితం నేనే తెస్త."

రెండు వారాలకు తీసుకెళ్ళాను. అదే జబ్బు. ముత్తమ్మ కాగితాన్ని మడిచి రొంటిన దోపుకుని, "ఇంతకుముందు గూడ ఎవరో నెత్తురు తీస్కపోయిన్రు. ఏముందో చెప్పనీకి ఎవరూ రాలే," అంది. అంత చెడ్డ కబురు తెచ్చినవాడికి ఆమె చెంబుతో మంచినీళ్ళిచ్చింది. జన్మంతా జనాన్ని నవ్వించి ఆ మాత్రం మర్యాద సంపాదించలేదు నేను.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఫలితం చెప్పడానికి తిరిగి ఏ రోజు వస్తారో చెప్పాకే సూది బయటికి తీయండి.