సులోచన దిద్దిన ఆకాశం

నిన్న పొద్దున్నే సులోచన కూతురి నుంచి ఫోన్.

"పెద్దమ్మా, అమ్మ లేదు. రాత్రి నిద్రలనే పోయింది."

చాయ్ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నమ్మలేదు. మొన్న ఆదివారమే కదా ఫోన్‌లో నాతో అంతసేపు కొట్లాడింది! ఆ గొంతు విన్నవాళ్ళెవరైనా ఈవిడ ఇంకో ఇరవై ఏళ్ళు మనల్ని వేధిస్తుందనే అనుకుంటారు.

నిజం చెప్పాలంటే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

గొడవ మధ్యలో వదిలేసి వెళ్ళిపోవడం ఏం పద్ధతి?

ఏం గొడవో మా జహీరాబాద్ డిగ్రీ బ్యాచ్‌కి తెలుసు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా.

ఎనభైల మొదట్లో మా ఫిజిక్స్ సార్ శనివారాలు ఆస్ట్రానమీ క్లాస్ మొదలుపెట్టారు. సిలబస్‌లో లేదు, ఆయన ఇష్టం కొద్దీ చెప్పేవారు. వారం వారం క్విజ్. క్లాస్ బాగా చదివితే ఎండాకాలం సెలవులకు ముందు అందరినీ హైదరాబాద్ తీసుకెళ్ళి, పెద్ద టెలిస్కోప్‌లో శనిగ్రహం వలయాలు చూపిస్తానన్నారు.

నాకు ఆ వలయాలంటే పిచ్చి. పుస్తకంలో ఆ పేజీ తెరిచి పెట్టుకుని అన్నం తినేదాన్ని. కాలేజీ తరఫున అయితేనే మా నాయన పంపిస్తాడు. వేరే దారి లేదు.

సులోచనకు వలయాలతో పనే లేదు. చార్మినార్ దగ్గర గాజులు కొనుక్కోవాలి, అంతే.

నక్షత్రాల మ్యాప్ క్లాస్ మొత్తానికి ఒక్కటే. సార్ స్వయంగా గీసింది. వంతులవారీగా ఇంటికి తీసుకెళ్ళి చదువుకోవాలి. "ఉత్తరం వైపు తల పెట్టి పడుకుని, మ్యాప్‌ను ముఖానికి ఎదురుగా పైకి పట్టుకోండి. అప్పుడే ఆకాశంతో కలుస్తుంది" అని మరీ మరీ చెప్పారు.

మా వంతు వచ్చింది. సాయంత్రం సులోచన వాళ్ళ మిద్దె మీద చాప వేసుకుని, సార్ చెప్పినట్టే ఉత్తరానికి తల పెట్టి పడుకున్నాం.

ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి వాళ్ళ నాయనమ్మ పైకి వచ్చింది. మమ్మల్ని చూసి గంప కింద పడేసింది.

"లేవుండ్రి ముందు! ఉత్తరం దిక్కు తల పెట్టి ఎవలన్న పండుకుంటరా? గిదేనా మీ కాలేజీల నేర్పేది?"

లేచి కూర్చున్నాం. ఆమె దిగిపోతే మళ్ళీ పడుకుందామని నేను. ఆమె దిగితే కదా! అక్కడే కూర్చుని మిరపకాయల తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

సులోచన ఉత్తరం వైపు తిరిగి, మ్యాప్ ఒళ్ళో పెట్టుకుంది. పొద్దు ఎడమచేతి వైపు కుంకుతోంది. మ్యాప్‌లో ఎడమ వైపు "తూర్పు" అని రాసి ఉంది.

"సారు తప్పు రాసిండే."

"పండుకొని చూడుమన్నరు గదనే. పైకి చూస్తే కుడెడమలు మారుతయి."

"నేను పండుకుంటే తూర్పు లేచి ఇటు దిక్కు వస్తదా? జర సోంచాయించి మాట్లాడు!"

నేను లాక్కునేలోపే పెన్ను తీసింది. తూర్పు కొట్టేసి పడమర, పడమర కొట్టేసి తూర్పు. సార్ గీసిన మ్యాప్ మీద. ఇంకుతో!

ఎంత నీట్‌గా దిద్దిందంటే, తర్వాతి వంతు వాళ్ళు సారే దిద్దారనుకున్నారు. దిద్దింది తప్పని నేను చెప్పి చూశాను. మ్యాప్‌లో ఉన్నది వదిలేసి నా మాట ఎవరు వింటారు?

క్విజ్‌లో అడిగారు. డిసెంబర్‌లో చీకటి పడ్డాక ఓరియన్ నక్షత్ర మండలం ఏ దిక్కున కనిపిస్తుంది?

క్లాస్ క్లాసంతా పడమర. నేనొక్కదాన్నే తూర్పు.

సార్ మ్యాప్ తెప్పించి చూశారు. ఇదెవరు దిద్దారని అడిగారు. ఈ మహాతల్లి లేచి నిలబడింది. తల కూడా దించలేదు.

"నేనే సార్. మీరు తప్పు రాసిన్రు."

ఆయన చాక్‌పీస్ టేబుల్ మీద పెట్టి బయటికి వెళ్ళిపోయారు.

ఆ రోజుతో శనివారం క్లాస్ బంద్. హైదరాబాద్ బంద్. నా శనిగ్రహం బంద్.

నెల రోజులు సులోచనతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆమె గమనిస్తే కదా! రోజూ వచ్చి, నా టిఫిన్ డబ్బాలో సగం తిని, కబుర్లు చెప్పి పోయేది.

తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లలు. ఆమె జహీరాబాద్‌లోనే, నేను సంగారెడ్డిలో. ఏ పెళ్ళిలో కలిసినా, అక్షింతలు చేతిలో ఉండగానే మొదలుపెట్టేది. "ఏమే, ఇగనన్న ఒప్పుకుంటవా? మ్యాప్ తప్పే గదా?"

వలయాలు నేను ఇప్పటికీ చూడలేదు. ఇల్లు, ఉద్యోగం, ఏదో ఒకటి.

మొన్న ఆదివారం ఫోన్ చేసింది.

"ఈసారి హైదరాబాద్ పోదాం. నీ శనిగ్రహం నేనే చూపిస్త. కని మ్యాప్ తప్పని ఒప్పుకోవాలె."

"సచ్చినా ఒప్పుకోను" అన్నాను.

పకపకా నవ్వి ఫోన్ పెట్టేసింది. అదే ఆఖరు.

నిన్న వెళ్ళాను. వాకిట్లో చాప మీద, పంతులు చెప్పినట్టు దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టారు. పక్కనే కూర్చున్నాను. పొద్దుటి ఎండ ఆమె చేతి మీద పడుతోంది.

కుడిచేతి మీద.

చూశావా సులోచనా, ఆకాశం వైపు ముఖం పెట్టి పడుకునే ఉన్నావు. అయినా నువ్వు దిద్దినట్టే తూర్పు నీ కుడిపక్కకే వచ్చింది. నీకోసం అదే జరిగి వచ్చినట్టు!

సరేనే. ఒప్పుకున్నా. నీ మ్యాపే కరెక్ట్.

లే మరి. చూపిస్తానన్నావు కదా. లేచి చూపించు.

ఎప్పుడు నా మాట విన్నావు గనక, ఇప్పుడు వింటావు?

పోయిరావే. హాయిగా, శాంతిగా ఉండు. అక్కడ ఎవరైనా మ్యాప్ చేతికిస్తే మాత్రం, నీకు దండం పెడతా, పెన్ను తీయకు.