వరుసలో ఎర్రగుడ్డ డబ్బా

మొన్న మంగళవారం మా పెద్దమ్మ పోయింది. దవాఖానకు చేర్చేలోపే ఊపిరి ఆగిందని, ఆబిడ్స్‌లో నేను గుమాస్తాగా ఉన్న బట్టల దుకాణానికి కబురు వచ్చింది. ఆమె నాకు చుట్టం కాదు. నాంపల్లి స్టేషన్ వెనక మేముండే కిరాయి ఇంట్లో నా పక్క గది ఆమెది. పెరటివైపున్న పదకొండు గదులవాళ్లకూ ఆమె పెద్దమ్మే. స్టేషన్ హమాలీలకు జొన్నరొట్టెలు చేసి అమ్ముకుని బతికింది.

ఆమె పొదుపు చూసి నవ్వేవాళ్లం. ఆఖరి రొట్టె పెనం మీద వేయగానే స్టవ్వు ఆర్పేసేది. ‘మంట బంద్ జేస్తే పెనం గప్పుడే సల్లారుతదా?’ అనేది. మిగిలిన వేడి మీద కాలిన ఆ రొట్టె ఒక్కటే తను తినేది. సాయంత్రం కాగానే గడపలో కూర్చుని బూడిదతో కందిలి గ్లాసు తుడిచేది. గ్లాసు మసిబారితే నూనె దండుగ అనేది.

గ్యాసునూనె, అదే కిరసనాయిలు, వచ్చే రోజు రేషన్ డిపో ముందు పొద్దున్నే డబ్బాలు వరుసగా పెట్టి ఎవరి పనులకు వాళ్లం పోయేవాళ్లం. పెద్దమ్మ డబ్బా పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉండేది. ఒకసారి ఒకాయన ఎవరిదో డబ్బాను పక్కకు జరిపి ముందుకు వచ్చాడు. పెద్దమ్మ ఊరుకోలేదు. ‘డబ్బా ఖాళీగున్నదని మనిషి లేనట్టా? ఎనకకు వో!’ అంది. ఆయన వెనక్కి పోయాడు.

నూనెకు కరువు వచ్చిన సంవత్సరం రేషన్ కార్డులవాళ్లందరికీ కొత్త ఫారాలు ఇచ్చారు. బడికి పోకపోయినా దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి కనుక, మా గదుల ఫారాలన్నీ నేనే నింపాను. ‘ఇంట్లో కరెంటు ఉన్నదా?’ అని ఒక ప్రశ్న. ఇంటి నంబరు ఒక్కటే. ముందు భాగంలో యజమానికి మీటరు ఉంది, బల్బులు ఉన్నాయి. సర్కారు కాగితంలో అబద్ధం రాయకూడదని పదకొండింటిలోనూ ‘ఉంది’ అని రాశాను. వెనక గదులకు తీగ కూడా లేదన్న సంగతి రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. నేనూ ఆలోచించలేదు.

మరుసటి నెల కరెంటు ఇళ్లని మా కార్డుల మీద ముద్ర పడింది. నూనె నెలకు రెండు సీసాలే అన్నారు. పెద్దమ్మ స్టవ్వుకు అది మూడు రోజులకు చాలదు. కట్టెల పొయ్యి పెడితే గది ఖాళీ చేయాలని యజమాని షరతు. అంటే రొట్టెలు బంద్, బతుకు బంద్.

ఆమె సప్లై ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు భాగంలో మీటరు చూశాడు. ‘ఉన్నదని మీరే రాసిచ్చిన్రు. ఇప్పుడు లేదంటే తప్పు రాసినట్టయితది. కార్డులే రద్దయితయి. ఎవరు నింపిన్రు ఇవి?’ అన్నాడు.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పెద్దమ్మ నా వైపు కన్నెత్తి చూడలేదు.

‘ఏలిముద్ర నాది సారూ. అడిగేది నన్నడుగు. జర లోపటికి రా.’

ఆయన తల వంచి ఆమె గదిలోకి పోయాడు. ఆమె తలుపు మూసింది. ఆ గదికి కిటికీ లేదు. మేమంతా బయట చెవులు రిక్కించి నిలబడ్డాం.

‘గీ కార్డు మీద నా పేరు చదువు సారూ.’

‘కనిపిస్తలేదమ్మా, తలుపు తియ్యి.’

‘మీ కాయితంల గీ ఇంట్ల కరెంటున్నది గద. గా కరెంటుతోనే చదువు.’

కోపం వచ్చి కార్డు చించేస్తాడేమో అనుకున్నాను. చాలాసేపటికి అగ్గిపుల్ల గీసిన శబ్దం వినిపించింది. తలుపు కింద పచ్చటి వెలుగు గీత కనబడింది. కాసేపటికి ఆయన బయటికి వచ్చి, నుదుటి చెమట తుడుచుకుని, గడప మీదే కూర్చుని రాశాడు: వెనక పదకొండు గదుల్లో కరెంటు లేదు.

ఆయన పోయాక పెద్దమ్మ నా ముందు నిలబడింది. ‘ఏంది కొడకా, నోరు తెరిస్తే ముత్యాలు రాలుతయా?’ అంది. లోపలికి పోయి ఆ రోజు తన రొట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘ఇల్లంటే ముందటి అర్ర ఒక్కటేనా? రాసేటప్పుడు ఎనక గూడ చూసి రాయాలె.’ ఆ తర్వాత ఎవరి ఫారం నింపినా, ముందు వాళ్ల గడప దాటి లోపల చూసి వచ్చాకే కలం పట్టాను. కానీ ఆనాడు ఆ సారు ముందు ‘నేనే’ అని ఒక్క మాట అనలేకపోయాను.

నిన్న డిపోకు నూనె వచ్చింది. వరుసలో నా డబ్బా వెనక ఎర్రగుడ్డ డబ్బా ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో నేను అడగలేదు. వరుస కదిలినప్పుడల్లా వెనకావిడ తన డబ్బాతో పాటు దాన్నీ ముందుకు జరుపుతూ వచ్చింది. నా డబ్బా నిండింది. డిపో ఆయన ఎర్రగుడ్డ డబ్బా మూతిలో గరాటు పెట్టి, కార్డు కోసం చెయ్యి చాపి, అలాగే ఆగిపోయాడు. వెనక అంత పెద్ద వరుసలో ఒక్కరూ తొందరపెట్టలేదు.