మడత విప్పని వరుసలు

మెదక్‌లో మా ఇంట్లో నాతో మాట్లాడేది కంప్యూటర్లోని నల్ల తెర ఒక్కటే. ఒక చిన్న దవాఖానాకు రోగుల జాబితా, వాళ్ళ పాత చీటీలు చూసే ప్రోగ్రాం రాసి, ఇంటి నుంచే నడుపుతుంటాను. కోడు రాయడంలో సాయానికి టెర్మినల్ అనే ఆ నల్ల తెరలో ఒక ఏఐ అసిస్టెంట్‌ను పెట్టుకున్నాను. అది చేసే ప్రతి పనీ చెప్పేది: ఈ ఫైలు తెరిచాను, ఇన్ని వరుసలు చదివాను, ఇది మార్చబోతున్నాను. "నిన్ను అడిగిన్నా?" అని పైకే తిట్టేదాన్ని. తిరిగి వాదించదు. దానిలో నాకు నచ్చనిది అదే.

హైదరాబాద్ నుంచి నాతో కలిసి పనిచేసే అమ్మాయికి ఫోన్లో మొరపెట్టుకున్నాను.

"గదంతా ఎందుకు సదువుతవ్ అక్కా? ఒక ఎక్స్‌టెన్షన్ ఉన్నది. అన్నీ మడిచి ఒక్క లైన్ల చూపెడ్తది."

"నా కండ్లు, నా ఇష్టం," అన్నాను. ఫోన్ పెట్టేయగానే దాన్ని ఎక్కించుకున్నాను.

తెర శుభ్రపడింది. ఫ్యాను అంత చప్పుడు చేస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

ఆ వారమే, జాబితాలో రెండేసిసార్లు ఎక్కిన పేర్లను సరిచేయమని అసిస్టెంట్‌కు చెప్పాను. "పూర్తయింది" అని ఒక్క వరుస వచ్చింది. మడత విప్పి చూడలేదు.

సోమవారం పొద్దున దవాఖానా కాంపౌండర్ ఫోన్ చేశాడు. "మేడం, షుగర్ పెద్దమ్మ పేరు దొరుకుతలేదు. పాత చీటి చూడంది డాక్టర్ సారు ఇన్సులిన్ రాయనంటుండు."

అప్పుడు విప్పాను. ఫోన్ నంబరు ఒకటైతే మనిషీ ఒకరే అనుకుని కలిపేస్తున్నానని అది ముందే చెప్పింది. మా దగ్గర గల్లీ మొత్తానికీ ఫోనున్న ఒక్కింటి నంబరే రాయిస్తారని దానికెవరు చెప్పాలి? నేనే చెప్పాలి.

ఈలోగా ఫోన్ పెద్దమ్మ చేతికి పోయింది. "బతికే ఉన్న గద బిడ్డా, నన్నెందుకు తీసేసినవ్?"

"తియ్యలే పెద్దమ్మా. పక్కింటామెతోని కలిసిపోయినవ్."

"ఆమెతోనా! పొద్దుగాల లేస్తే మా ఇద్దరికి లొల్లి!"

ముందు దాచిపెట్టిన కాపీ నుంచి పాత జాబితా తెచ్చేసరికి గంట పట్టింది. అంతసేపూ ఆమె ఏమీ తినకుండా బెంచీ మీదే కూర్చుందట. చీటి దొరికింది, మందు రాశారు. ఎక్స్‌టెన్షన్‌ను తీసేయలేదు. చదివిన ఫైళ్ళ సొద మడిచి, తీసేసేవీ కలిపేసేవీ మాత్రం విప్పి చూపేలా మార్చాను.

కాంపౌండర్ చేత మళ్ళీ ఫోన్ ఇప్పించుకుని, వేరే నంబరేమైనా ఉందా అని ఆమెను అడిగాను.

"నాకేడిది? నీదే రాసుకో."

రాసుకున్నాను. ఆమె మళ్ళీ రావాల్సింది మూడు నెలలకు. అప్పటిదాకా ఆ నంబరుకు ఆమె కోసం ఎవరూ చెయ్యరు. పని పడితే తప్ప నాకోసమూ చెయ్యరు.